యూనిట్ - 11 : వెళ్ళిపోయిన మనిషి, ఆగని క్వెరీ – వెబ్ అప్లికేషన్లలో విడిచిన క్వెరీల చరిత్ర

11.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:
• 'విడిచిన క్వెరీ' అంటే ఏమిటో, అది ఎందుకు నష్టం కలిగిస్తుందో వివరించగలుగుతారు.
• కౌంటరు పద్ధతి నుంచి వెబ్ పద్ధతికి మారినప్పుడు ఈ సమస్య ఎలా పుట్టిందో చెప్పగలుగుతారు.
• దాని పరిష్కారానికి 1990ల నుంచి నేటి వరకు జరిగిన ముఖ్య మార్పులను కాలక్రమంలో పేర్కొనగలుగుతారు.
• ఏ పనిని ఆపవచ్చో, ఏ పనిని ఆపకూడదో విచక్షణతో నిర్ణయించగలుగుతారు.

11.1 పరిచయం

తిరుమలకు నడిచి వెళ్ళేవారి ప్రయాణం ఎక్కువగా అలిపిరి దగ్గర మొదలవుతుంది. ఇక్కడి పాదాల మండపం నుంచి సుమారు 3,550 మెట్లు ఎక్కి కొండపైకి చేరుకుంటారు. ఇదే అలిపిరిలోని భూదేవి కాంప్లెక్స్‌లోను, తిరుపతి పట్టణంలోని శ్రీనివాసం, విష్ణు నివాసం వంటి వసతి సముదాయాలలోను సర్వదర్శనం టోకెన్లు ఇచ్చే కౌంటర్లు నడిచాయి. ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు, ఆర్జిత సేవల టికెట్లు, గదులు మాత్రం ఇప్పుడు చాలావరకు ఆన్‌లైన్‌లోనే దొరుకుతున్నాయి. కాబట్టి ఈనాడు చాలామందికి అలిపిరి కన్నా ముందు వచ్చే గడప చేతిలోని ఫోను.

కౌంటరు ముందు నిలబడిన మనిషి విసిగి వెళ్ళిపోతే వెనుకనున్నవారు ఒక అడుగు ముందుకు వేస్తారు. వరుస కొంత తగ్గుతుంది. ఫోనులో అలా జరగదు. పేజీ తెరుచుకోలేదని ఒకరు దాన్ని మూసివేసినా, వారి కోసం డేటాబేస్‌లో మొదలైన వెతుకులాట ఆగకుండా సాగవచ్చు. ఫలితం సిద్ధమయ్యేసరికి దాన్ని అందుకునేవారు ఉండరు. ఇలా అడిగినవారు వెళ్ళిపోయిన తరువాత కూడా డేటాబేస్‌లో నడుస్తూ ఉండే ప్రశ్నను ఈ యూనిట్‌లో 'విడిచిన క్వెరీ' అని పిలుద్దాం.

ఈ సమస్యను సాంకేతిక లోపంగా మాత్రమే చూస్తే దాని మూలం కనబడదు. మనిషి, అతని పని, అతని వంతు – ఈ మూడూ ఒకప్పుడు ఒకేచోట ఉండేవి. అవి ఎలా విడిపోయాయి, వాటిని మళ్ళీ ఎలా కలపవలసి వచ్చింది అన్నదే ఈ చరిత్ర.

11.2 క్యూ శాస్త్రంలో అసహనం

వేచి ఉండడాన్ని గణితంగా అధ్యయనం చేయడం టెలిఫోనుతో మొదలైంది. కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన డెన్మార్క్ గణితవేత్త ఎ.కె. ఎర్లాంగ్ 1909లో టెలిఫోను కాల్స్ రాకపై తన తొలి పత్రాన్ని ప్రచురించాడు. ఎన్ని లైన్లు ఉంటే ఎంతమందికి లైను దొరకకుండా పోతుందో లెక్కగట్టే మార్గం ఆయన కృషి వల్ల ఏర్పడింది. అయితే తొలి నమూనాలలో మనిషి రెండు రకాలుగానే ఉండేవాడు. లైను దొరకకపోతే వెంటనే మాయమయ్యేవాడు ఒకడు, ఎంతసేపైనా ఓపికగా ఆగేవాడు ఇంకొకడు.

నిజమైన మనిషి ఈ రెండింటికీ మధ్యలో ఉంటాడు. కొంతసేపు ఆగుతాడు, ఆ తరువాత వెళ్ళిపోతాడు. స్వీడన్‌కు చెందిన కానీ పామ్ 1930, 1940 దశకాలలో ఈ అసహనాన్ని లెక్కలోకి తెచ్చాడు. ఫ్రాంక్ హైట్ 1957లో వరుస పొడవు చూసి అసలు చేరకుండానే వెనుదిరిగేవారి గురించి, 1959లో వరుసలో చేరి మధ్యలో విడిచిపోయేవారి గురించి విడివిడిగా పత్రాలు రాశాడు. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం నేటికీ మనకు ఉపయోగపడుతుంది: వ్యవస్థలో ఒక సమయంలో ఉండే సగటు వ్యక్తుల సంఖ్య, వారు వచ్చే రేటును ఒక్కొక్కరు లోపల గడిపే సగటు సమయంతో గుణిస్తే వచ్చే విలువకు సమానం.

వరుసను విడిచినవారి గురించిన ఈ నమూనాలలో సాధారణంగా ఒక భావన అంతర్లీనంగా ఉంది. వరుసను విడిచినవాడు తన భారాన్ని కూడా తనతో తీసుకుపోతాడు. వెబ్ అప్లికేషన్‌లో సరిగ్గా ఈ భావనే చెల్లలేదు.

11.3 కౌంటరు యుగం

తెలుగు ప్రాంతంలో సామాన్యుడికి డేటాబేస్ మొదట కౌంటరు గుండానే పరిచయమైంది. భారతీయ రైల్వేలో కంప్యూటర్ రిజర్వేషన్ 1985లో ఢిల్లీలో మొదలైంది. దేశమంతటినీ కలిపే ఉద్దేశంతో తయారైన 'కన్సర్ట్' అనే రిజర్వేషన్ వ్యవస్థ 1994లో మొదట సికింద్రాబాద్‌లో అమలైంది. 1998 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాలలో దస్తావేజుల రిజిస్ట్రేషన్‌ను కంప్యూటరీకరించే 'కార్డ్' పథకాన్ని ప్రారంభించింది. 2001 ఆగస్టులో ఈ-సేవ కేంద్రాలు వచ్చాయి. కరెంటు బిల్లు, నీటి బిల్లు, ధ్రువపత్రాలు ఒకే కౌంటరులో అందసాగాయి.

ఈ వ్యవస్థలన్నింటికీ ఉన్న పోలికను గమనించండి. డేటాబేస్‌ను అడిగేది ప్రయాణికుడు కాదు, గుమాస్తా. టెర్మినళ్ళ సంఖ్య ముందే తెలుసు. 100 టెర్మినళ్ళు ఉంటే ఒకేసారి 100 కన్నా ఎక్కువ ప్రశ్నలు రావు. ప్రయాణికుడు వెళ్ళిపోతే గుమాస్తాకు ఎదురుగా కనిపిస్తుంది. అతడు ఆ పనిని రద్దుచేసి 'తరువాత ఎవరు?' అని పిలుస్తాడు.

ఆ కాలపు సాఫ్ట్‌వేర్ కూడా ఇందుకు తగినట్లే ఉండేది. 1992లో వచ్చిన ఓడీబీసీ ప్రమాణంలో నడుస్తున్న క్వెరీని రద్దుచేసే ఆదేశం ఉంది. 1997లో జావాతో వచ్చిన జేడీబీసీలోనూ అటువంటి ఆదేశంతో పాటు క్వెరీకి కాలపరిమితి పెట్టే సౌకర్యం ఉంది. అంటే రద్దు మీట ముందునుంచీ ఉంది. దాన్ని నొక్కడానికి తెర ముందు ఒక మనిషి ఉంటాడన్నదే అప్పటి నమ్మకం.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 1
కౌంటరు పద్ధతిలో విడిచిన క్వెరీల సమస్య అంతగా ఎందుకు కనబడలేదు? రెండు కారణాలు రాయండి.

11.4 వెబ్ రాకతో వచ్చిన చీలిక

టిమ్ బెర్నర్స్-లీ 1989లో ప్రతిపాదించిన వెబ్ మొదట పత్రాలను పంచుకోవడానికి పుట్టింది. పత్రాన్ని పంపడం క్షణంలో ముగిసే పని. మధ్యలో చదువరి వెళ్ళిపోయినా పోయేది ఏమీ లేదు. 1993లో వచ్చిన కామన్ గేట్‌వే ఇంటర్‌ఫేస్, ఆ తరువాత 1995లో రాస్మస్ లెర్డార్ఫ్ విడుదల చేసిన పీహెచ్‌పీ వంటి సాధనాలు వెబ్ పేజీ వెనుక ప్రోగ్రామును, దాని వెనుక డేటాబేస్‌ను నిలబెట్టాయి. 2002 ఆగస్టులో ఐఆర్‌సీటీసీ ఇంటర్నెట్‌లో రైలు టికెట్లు అమ్మడం మొదలుపెట్టింది. గుమాస్తా స్థానంలోకి ప్రయాణికుడే వచ్చాడు.

ఇప్పుడు ఒక ప్రశ్న ఎన్ని చేతులు మారుతుందో చూడండి. బ్రౌజర్ వెబ్ సర్వర్‌ను అడుగుతుంది. వెబ్ సర్వర్ అప్లికేషన్‌ను అడుగుతుంది. అప్లికేషన్ తన దగ్గర ముందే తెరిచి ఉంచుకున్న కనెక్షన్ల సమూహం నుంచి ఒకదాన్ని తీసుకుని డేటాబేస్‌ను అడుగుతుంది. ఈ సమూహాన్ని 'కనెక్షన్ పూల్' అంటారు. డేటాబేస్‌కు తెలిసినది అప్లికేషన్ మాత్రమే. అసలు అడిగిన మనిషి దానికి కనబడడు.

మనిషి పేజీ మూసివేస్తే బ్రౌజర్, వెబ్ సర్వర్‌ల మధ్య కనెక్షన్ తెగుతుంది. ఆ సంగతి వెబ్ సర్వర్‌కు తెలియవచ్చు. ఎంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ ఇటువంటి సందర్భాలను తన లాగ్‌లో 499 అనే ప్రత్యేక సంఖ్యతో నమోదు చేస్తుంది. కానీ అప్లికేషన్ ఆ సమయంలో డేటాబేస్ జవాబు కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. ఉదాహరణకు పీహెచ్‌పీ, వినియోగదారుడికి ఏదైనా పంపడానికి ప్రయత్నించినప్పుడే అతడు వెళ్ళిపోయాడని గుర్తిస్తుంది. జవాబు వచ్చేదాకా పంపడానికి ఏమీ ఉండదు కనుక, తెలిసేసరికే పని పూర్తయిపోతుంది. మనిషి వెళ్ళిపోయాడన్న వార్త మొదటి గడపలోనే ఆగిపోతుంది.

దీని నష్టాన్ని ఒక ఊహా ఉదాహరణతో లెక్కించుదాం. ఒక టికెట్ల సైటులో 100 కనెక్షన్లు ఉన్నాయి. ఒక్కో క్వెరీకి 2 సెకన్లు పడుతుంది. లిటిల్ సూత్రం ప్రకారం సెకనుకు 50 క్వెరీలు పూర్తవుతాయి. సెకనుకు 40 మంది వస్తే ఇబ్బంది లేదు. రద్దీ వల్ల క్వెరీకి 4 సెకన్లు పట్టడం మొదలైతే, సెకనుకు 25 మాత్రమే పూర్తవుతాయి. వరుస పెరుగుతుంది. పేజీ రాలేదని ప్రతి ఒక్కరూ రెండుసార్లు రీలోడ్ చేస్తారనుకోండి. సెకనుకు వచ్చే క్వెరీలు 40 నుంచి 120 అవుతాయి. ప్రతి మూడింటిలో రెండింటి ఫలితాన్ని అందుకునేవారు లేరు. పూర్తయ్యే 25లో ఉపయోగపడేవి సుమారు 8 మాత్రమే. యంత్రం నిండా పని చేస్తూనే ఉంటుంది, బయట ఉన్నవారికి మాత్రం సైటు పనిచేయడం లేదనిపిస్తుంది. అందుకని మళ్ళీ రీలోడ్ చేస్తారు. ఈ విషవలయమే విడిచిన క్వెరీల అసలు ప్రమాదం.

11.5 వార్త చేరవేసే దారి: దశలవారీ పరిణామం

ఈ సమస్యకు పరిష్కారం ఒక్కసారిగా రాలేదు. ఒక్కో పొర విడివిడిగా మారింది. ఆ మార్పులను నాలుగు దశలుగా చూడవచ్చు.

మొదటి దశ: గడువు. వెళ్ళిపోయాడో లేదో తెలియనప్పుడు, ఏ క్వెరీనైనా కొంతకాలం మించి నడవనివ్వకపోవడమే సులభమైన ఉపాయం. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో 2002 నాటి 7.3 వెర్షన్ క్వెరీకి గడువు విధించే అమరికను తెచ్చింది. మైఎస్‌క్యూఎల్‌లో సెలెక్ట్ క్వెరీలకు ఇటువంటి గడువు 5.7 వెర్షన్‌తో వచ్చింది. గడువు గుడ్డిది. ఓపికగా ఆగినవారి క్వెరీని కూడా అది కత్తిరిస్తుంది. అయినా ఇతర రక్షణలన్నీ విఫలమైనప్పుడు నిలబడేది ఇదే.

రెండవ దశ: బయటినుంచి ఆపడం. జవాబు కోసం ఆగి ఉన్న కనెక్షన్ మీద మరో ఆదేశం పంపడం సాధారణంగా కుదరదు. అందుకే పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో రద్దు అభ్యర్థన వేరే కనెక్షన్ ద్వారా వెళుతుంది. ఆపవలసిన ప్రాసెస్ సంఖ్యను, దానితో పాటు ఒక రహస్య సంఖ్యను చూపాలి. ఒకరి పనిని ఇంకొకరు ఆపకుండా ఈ ఏర్పాటు. మైఎస్‌క్యూఎల్‌లో కూడా మరో కనెక్షన్ నుంచి, కనెక్షన్‌ను తెంచకుండా క్వెరీని మాత్రమే చంపే ఆదేశం 5.0 వెర్షన్ నుంచి ఉంది.

మూడవ దశ: అప్లికేషన్ లోపల వార్త పారడం. 2010లో డాట్‌నెట్ 4.0 రద్దు సంకేతాన్ని ఒక ఫంక్షన్ నుంచి మరొకదానికి అందించే 'క్యాన్సిలేషన్ టోకెన్' అనే పద్ధతిని ప్రవేశపెట్టింది. గో భాషలో 2016లో 1.7 వెర్షన్‌తో 'కాంటెక్స్ట్' ప్రామాణిక లైబ్రరీలో చేరింది. 2017లో 1.8 వెర్షన్ దాన్ని డేటాబేస్ క్వెరీలకు జోడించింది. వెబ్ అభ్యర్థన రద్దయితే, డేటాబేస్ డ్రైవర్ సహకరించేదైతే, క్వెరీ కూడా రద్దయ్యేలా ప్రోగ్రామర్ ఒకే తీగతో కట్టగలిగాడు.

నాలుగవ దశ: రెండు కొసలూ మాట్లాడడం. హెచ్‌టీటీపీ 1.1లో ఒక అభ్యర్థనను విరమించుకోవాలంటే కనెక్షన్‌నే తెంచుకోవాలి. 2015 మేలో ప్రమాణంగా వెలువడిన హెచ్‌టీటీపీ 2లో, మిగిలినవాటిని కదపకుండా ఒక్క అభ్యర్థనను మాత్రమే ఆపమని చెప్పవచ్చు. 2017 నుంచి బ్రౌజర్లలో 'అబార్ట్ కంట్రోలర్' అందుబాటులోకి వచ్చింది. రెండవ కొసన, 2021లో వచ్చిన పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 14లో, పెద్ద క్వెరీ నడుస్తుండగా తనను అడిగినవారి కనెక్షన్ ఇంకా ఉందో లేదో డేటాబేసే మధ్యమధ్యలో చూసుకునే అమరిక వచ్చింది. అయితే అది చూడగలిగేది అప్లికేషన్‌ను మాత్రమే. కనెక్షన్ పూల్ తెరిచి ఉన్నంతకాలం అటువైపు అంతా బాగున్నట్లే కనబడుతుంది. కాబట్టి మూడవ దశ లేకుండా నాలుగవ దశ ఒక్కటే చాలదు.

మధ్యలో చూసుకోవడం అన్న ఆలోచన కొండదారిలో నడిచినవారికి కొత్త కాదు. అలిపిరి మార్గంలో దివ్యదర్శనం టోకెన్లు ఇచ్చిన రోజులలో, టోకెన్ తీసుకున్నవారు దారిలో మరోచోట దాన్ని నమోదు చేయించుకోవలసిన నియమం ఉండేది. టోకెన్ తీసుకున్న మనిషి నిజంగా నడుస్తూనే ఉన్నాడా అని తెలుసుకోవడమే దాని ఉద్దేశం.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 2
గడువు విధించడానికి, రద్దు సంకేతాన్ని చేరవేయడానికి గల తేడా ఏమిటి?

11.6 తిరుమల ఉదాహరణ: పని వేరు, వంతు వేరు

తిరుమలలో వరుసను నడిపిన తీరు ఈ చరిత్రను అర్థం చేసుకోవడానికి మంచి ఉదాహరణ. వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో భక్తులను కంపార్ట్‌మెంట్లలో కూర్చోబెట్టి, లోపల ఖాళీ ఏర్పడినకొద్దీ ఒక్కో కంపార్ట్‌మెంటును వదులుతారు. గర్భాలయం దగ్గర నిలువగలిగే జనం పరిమితం కనుక, రద్దీని దూరంగానే ఆపడం ఇందులోని సూత్రం. కానీ వంతు కావాలంటే మనిషి అక్కడే ఉండాలి.

2000 దశకం ఆరంభంలో వాడుకలో ఉన్న 'సుదర్శనం' పద్ధతి ఈ ముడిని విప్పింది. దర్శన సమయాన్ని సూచించే పట్టీని భక్తుని చేతికి కట్టేవారు. అతడు వరుసలో నిలబడనక్కరలేదు. భోజనం చేయవచ్చు, విశ్రాంతి తీసుకోవచ్చు. సమయానికి తిరిగి వస్తే చాలు. మనిషి కదిలిపోయినా అతని వంతు చెదరలేదు. 2017-18లో సర్వదర్శనానికి ప్రవేశపెట్టిన సమయ నిర్దేశిత టోకెన్లు కూడా ఇదే దారిలోనివి.

2020 మార్చిలో కోవిడ్ కారణంగా ఆగిన దర్శనాలు జూన్‌లో పరిమిత సంఖ్యలో తిరిగి మొదలైనప్పుడు ఆన్‌లైన్ బుకింగ్ ప్రాధాన్యం పెరిగింది. 2021 సెప్టెంబరులో ఉచిత సర్వదర్శనం టోకెన్లను కూడా ఆన్‌లైన్‌లో విడుదల చేశారు. ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్ల కోటాను ముందే ప్రకటించిన రోజున, ప్రకటించిన గంటకు విడుదల చేయడం ఆనవాయితీ అయింది. ఆ గంటకు లక్షల వేళ్ళు ఒకేసారి తెర మీద పడతాయి. 11.4లో మనం చూసిన విషవలయానికి ఇంతకన్నా అనువైన పరిస్థితి ఉండదు.

ఇటువంటి సైట్లు అనుసరించే ఒక మార్గం నిరీక్షణ పేజీ. వచ్చినవారినందరినీ డేటాబేస్ దాకా రానివ్వకుండా ఒక తేలికైన పేజీలో ఆపి, విడతలుగా లోపలికి పంపుతారు. క్యూ కాంప్లెక్స్ చేసిన పనినే ఇది చేస్తుంది. నిరీక్షణలో ఉన్నవారు విసిగి వెళ్ళిపోయినా వెనుక క్వెరీ ఏదీ మొదలై ఉండదు. విడిచిన క్వెరీని ఆపడం కన్నా, విడిచే అవకాశం ఉన్న సమయంలో దాన్ని మొదలుపెట్టకపోవడం మేలు.

వరుసను సరిగ్గా నడపడం సౌకర్యానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. 2025 జనవరి 8న వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం తిరుపతిలో చేరిన జనంలో తొక్కిసలాట జరిగి 6 మంది మరణించారు. ఇంటి దగ్గర నుంచే నమ్మకంగా టోకెన్ పొందగల వ్యవస్థ ఉంటే కౌంటర్ల దగ్గర ఒత్తిడి తగ్గుతుంది. ఆ నమ్మకం కలగాలంటే సైటు రద్దీలోనూ నిలబడాలి.

11.7 ఆపకూడనివి, తొందరపడకూడనివి

ఇంతవరకు చదివినవారికి, మనిషి వెళ్ళిపోయాడని తెలియగానే అంతా ఆపేయడమే సరైనదనిపించవచ్చు. ఇక్కడ రెండు హెచ్చరికలు అవసరం.

మొదటిది, చదివే క్వెరీ వేరు, రాసే క్వెరీ వేరు. ఖాళీలు ఎన్ని ఉన్నాయో చూసే క్వెరీని ఎప్పుడైనా ఆపవచ్చు. డబ్బు తీసుకుని టికెట్ నమోదు చేసే పనిని సగంలో వదలకూడదు. అది పూర్తి కావాలి, లేదా మొత్తంగా వెనక్కి పోవాలి. డేటాబేస్ లావాదేవీని వెనక్కి తిప్పవచ్చు గాని, బ్యాంకు దగ్గర అప్పటికే కదిలిన డబ్బును ఆ ఆదేశం వెనక్కి తేలేదు. అందుకే ప్రతి చెల్లింపు ప్రయత్నానికి ఒకే గుర్తింపు సంఖ్య ఇస్తారు. మనిషి రెండోసారి నొక్కినా అదే సంఖ్య వస్తుంది కనుక రెండో టికెట్ పుట్టదు, రెండోసారి డబ్బు పోదు. అలాగే మనిషి ఆలోచిస్తున్నంతసేపు డేటాబేస్ తాళాలను పట్టి ఉంచకూడదు. ఎంపిక చేసిన టికెట్‌ను కొద్ది నిమిషాలు అతని పేర నిలిపి ఉంచినట్లు ఒక వరుసలో రాసి, లావాదేవీని అక్కడితో ముగించాలి. చెల్లింపు రాకపోతే ఆ టికెట్ తిరిగి కోటాలో కలుస్తుంది. లావాదేవీ తెరిచి ఊరకే ఉండిపోయిన కనెక్షన్లను తెంచే గడువు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో 2016 నాటి 9.6 వెర్షన్‌తో వచ్చింది.

రెండవది, సిగ్నల్ పోయినవాడు, వెళ్ళిపోయినవాడు ఒకడు కాదు. సర్వర్‌కు ఇద్దరూ ఒకేలా కనబడతారు. రెండు సందర్భాల్లోనూ కనెక్షన్ తెగుతుంది. నగరంలో మంచి ఇంటర్నెట్ ఉన్నవారికి కనెక్షన్ తెగడం అరుదు. పల్లెలో పాత ఫోనుతో ప్రయత్నించేవారికి, బస్సులో ప్రయాణిస్తూ ప్రయత్నించేవారికి అది మామూలే. కనెక్షన్ తెగిన ప్రతిసారీ మనిషిని వరుస చివరికి నెడితే, ఆ వ్యవస్థ సమర్థంగా ఉంటూనే అన్యాయంగా ఉంటుంది. అందువల్ల ఆపవలసింది పనిని, తీసివేయకూడనిది వంతును. క్వెరీని వెంటనే రద్దు చేయండి. వంతును మాత్రం కొన్ని నిమిషాలపాటు టోకెన్ రూపంలో భద్రపరచండి. సుదర్శనం పట్టీ నేర్పే పాఠం ఇదే.

11.8 సారాంశం

కౌంటరు యుగంలో మనిషి, పని, వంతు ఒకేచోట ఉండేవి. గుమాస్తా కన్ను వాటిని కలిపి ఉంచేది. వెబ్ వచ్చాక మనిషికీ డేటాబేస్‌కూ మధ్య పొరలు పెరిగి, మనిషి వెళ్ళిపోయాడన్న వార్త డేటాబేస్ దాకా చేరలేదు. క్వెరీని రద్దుచేసే ఆదేశాలు 1990లలోనే ఉన్నా, ఆ వార్తను పొర నుంచి పొరకు మోసే సాధనాలు 2010 తరువాతనే బలపడ్డాయి. గడువు, బయటినుంచి రద్దు, అప్లికేషన్ లోపలి సంకేతం, రెండు కొసల సహకారం – ఇవి ఈ పరిణామంలోని నాలుగు దశలు. చదివే పనిని ఆపవచ్చు, రాసే పనిని సగంలో వదలకూడదు. పని ఆగినా వంతు నిలవాలి.

11.9 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తులలో సమాధానం రాయండి.
1. కౌంటరు పద్ధతి నుంచి వెబ్ పద్ధతికి జరిగిన మార్పు విడిచిన క్వెరీల సమస్యకు ఎలా దారితీసిందో తెలుగు ప్రాంతపు ఉదాహరణలతో చర్చించండి.
2. విడిచిన క్వెరీల పరిష్కారంలోని నాలుగు దశలను కాలక్రమంలో వివరించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తులలో సమాధానం రాయండి.
1. 11.4లోని ఊహా ఉదాహరణలో ప్రతి ఒక్కరూ నాలుగుసార్లు రీలోడ్ చేస్తే, సెకనుకు ఉపయోగపడే క్వెరీలు ఎన్ని? లెక్కించి చూపండి.
2. నిరీక్షణ పేజీ, వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌ల మధ్య గల పోలికను వివరించండి.
3. 'పనిని ఆపాలి, వంతును నిలపాలి' – ఈ వాక్యాన్ని మీకు తెలిసిన ఒక ఆన్‌లైన్ సేవకు అన్వయించండి.